మజిలీలు గల ప్రయాణము



నిర్మల్ కొండల మీద, టేకు అడవికిని పత్తి చేలకును నడుమ ఒదిగియున్న మా బోథ్ నుండి బయటి లోకమునకు పోదలచిన వారెవరైనను ముందు నేరడిగొండ దిక్కునకు వచ్చి, పూర్వము 7వ నంబరు పేర ప్రసిద్ధమై, ఇప్పుడు 44వ నంబరుతో పిలువబడుచున్న జాతీయ రహదారిని అందుకొనుట పరిపాటి. అచ్చట ఉత్తరమునకు తిరిగిన ఆదిలాబాదు, దక్షిణమునకు తిరిగిన నిర్మల్. ఓపిక యున్నచో ఇంకను ఎంత దూరమైనను పోవచ్చును, ఏలయనగా ఆ దారికి ఒక కొస శ్రీనగరమందును, రెండవ కొస కన్యాకుమారియందును ఉన్నది. ఈ దారిని నేను బాల్యమున సవారి కచ్చరములో ఎక్కితిని. యౌవనమున ఎర్రబస్సులో ఎక్కితిని. ఇప్పుడు, మనుమలు కలిగిన పిమ్మట, కొడుకు కొనిన కారులో ఎక్కుచున్నాను. ఈ మూడింటిలో పసిపిల్లలకు తగిన వాహనమేది యని ఎవరైన అడిగినచో, మీరు నవ్వుదురేమో కాని, నేను కచ్చరమనియే చెప్పుదును. కారును అమ్మివేసి ఎడ్లను కొనుడని ఎవరికిని సలహా ఇయ్యకుండ, అట్లు చెప్పుటకు గల కారణమును ఈ కొద్ది నిమిషములలో విన్నవించుటకు ప్రయత్నింతును.

మా మేనత్త ఇల్లు నిర్మల్‌కు ఆవల, గోదావరి ఒడ్డున ఒక పల్లెలో ఉండెడిది. ఏటేట సంక్రాంతి వెళ్లిన పిమ్మట మా బాపు కచ్చరము కట్టించెడివాడు. అడుగున జొన్నచొప్ప, దానిపై గొంగడి, గొంగడిపై బొంత, పైన వెదురు తడికల గూడు, గూటి కొనకు వ్రేలాడు కందిలి, వెనుక కట్టిన నీళ్ల కుండ, పక్కన సద్దిముల్లె: ఇదియే మా వాహన వైభవము. నడక గంటకు కోసెడు దూరము. ఎడ్లకు దప్పి యైనచో వాగు దగ్గర ఆగెడిది. ఎండ ముదిరినచో మర్రి నీడన ఆగెడిది. ఎత్తు వచ్చినచో ముసలివారును బాలింతలును తప్ప తక్కిన వారందరును దిగి బండి వెంట నడువవలసినదే. పెద్దలకు విసుగు పుట్టించిన ఆ ఆగుటలే మాకు పండుగలు. ఎడ్లు నీరు త్రాగుచున్నంత సేపు మేము వాగులో చేపపిల్లల వెంట పరుగిడితిమి; ఎడ్లు మేయుచున్నంత సేపు రేగుపండ్లు ఏరుకొని తింటిమి; ఎడ్లతో పాటు మేమును మేసితిమని మా అమ్మ పరిహాసమాడెడిది. రెండు దినములు సాగిన ఆ ప్రయాణములో ‘ఇంకెంత దూరము’ అని మేము అడిగినట్లు నాకు జ్ఞాపకము లేదు. పసివాని ఓపికయు ఎద్దు ఓపికయు ఇంచుమించు ఒక్కటే. ఇరువురికిని గడియ గడియకు నీరు కావలెను, పూట మారకముందే మేత కావలెను, మిట్టమధ్యాహ్నము నీడపట్టున ఒక కునుకు కావలెను. కచ్చరము ఆగినది ఎడ్ల కొరకే. దాని పుణ్యము మాత్రము పిల్లలకు దక్కెను.

మన పెద్దలు దూరమును ఆమడలతో కొలిచినను, ప్రయాణమును మాత్రము మజిలీలతో కొలిచిరి. ‘ఎంత దూరము’ అని అడిగినచో ‘నాలుగు మజిలీలు’ అని బదులు వచ్చెడిది. మజిలీ యనగా దిగిన చోటు, వండుకొనిన చోటు, నిదురించిన చోటు, అన్నింటికంటె ముఖ్యముగా, చూచిన చోటు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము నుండి పరివారసమేతముగా కాశికి బయలుదేరి, హైదరాబాదు మీదుగా వచ్చి, మా నిర్మల్ మార్గముననే నాగపురమునకు సాగి, కాశీ గయలు సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు నెలల పైచిలుకు సాగిన ఆ యాత్రకు దినచర్య యన దగిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయినది. మజిలీ చేసిన ఊళ్లలో నీరెట్టిది, అంగళ్లున్నవా, దిగుటకు వసతి కలదా, అక్కడి జనులెట్టివారు అను సంగతులను ఆయన శ్రద్ధతో వ్రాసికొనిరి. ఆగి ఆగి పోయిన మనుష్యుడు కనుకనే ఆయనకు వ్రాయుటకు అంత సామగ్రి చిక్కినది. ఆ దారిలో మా నిర్మల్ మీదుగా పోవు భాగమును నేడు కారులో ఒక్క పూటలో దాటుచున్న మనకు, రాత్రి ఇంటికి వచ్చి వ్రాసికొందమన్నను టోలుగేట్ల పేర్లు తప్ప మరియేమియు జ్ఞప్తికి రావు.

మజిలీల ప్రయాణము గతించిన కాలపు ముచ్చటయే యని శ్రోతలు తలంపవలదు. మా జిల్లాలోనే, ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరున, ప్రతి సంవత్సరము పుష్య మాసపు అమావాస్యకు నాగోబా జాతర జరుగును. దానికి ముందు మెస్రం వంశపు గోండులు జన్నారం వైపున గోదావరిలోని హస్తినమడుగు వరకు కాలినడకన పోయి, దేవుని అభిషేకమునకు గంగాజలము కొనివత్తురు. జాతర కొరకు కుటుంబములకు కుటుంబములే ఎడ్లబండ్లు కట్టుకొని, చంటిపిల్లలతో, వంట సామానుతో, కోడిపుంజులతో, కేస్లాపూరు మర్రిచెట్ల క్రిందికి వచ్చి బసచేయును. ఆ వంశమునకు కొత్తగా వచ్చిన కోడండ్రను ఆ సందర్భముననే దేవునికి పరిచయము చేయుదురు. చలికాలపు రాత్రి ఆ మర్రిచెట్ల క్రింద నెగళ్లు మండుచుండగా, బండి క్రింద తల్లి కొంగు కప్పుకొని నిదురించు బిడ్డను చూచినప్పుడెల్లను నా బాల్యము నా కన్నుల ఎదుట నిలుచును. ఆ బిడ్డ తన కులచరిత్రను ఏ పుస్తకములో చదువకముందే దారి పొడుగున కాళ్లతోను కండ్లతోను నేర్చుకొనుచున్నది.

ఇంత తెలిసిన వాడనయ్యును, నా మనుమలను వెంటబెట్టుకొని నేను చేసిన మొదటి కారు ప్రయాణము పరమ మూర్ఖముగా జరిగినదని ఒప్పుకొనవలసియున్నది. ఒకానొక వేసవిలో, మనుమనికి ఎనిమిదవ యేడును మనుమరాలికి నాలుగవ యేడును నడుచుచుండగా, చిన్నదానికి బాసర సరస్వతీ సన్నిధిని అక్షరాభ్యాసము చేయింపవలెనను సంకల్పము కలిగెను. సంకల్పము మంచిదే; దానికి నేను తగిలించిన తోకలే చెడ్డవి. కారు ఎట్లును ఉన్నది, పెట్రోలు ఎట్లును పోయుచున్నాము, దారిలో ఉన్నవన్నియు చూపవలదా యని, తెల్ల కాగితము మీద గీతలు గీచి, ఆరు గంటలకు బయలుదేరుట, ఏడున్నరకు కుంటాల జలపాతము, తొమ్మిదిన్నరకు నిర్మల్ బొమ్మలు, పన్నెండు గంటలకు బాసర, సాయంకాలము కడెం ప్రాజెక్టు, రాత్రి ఇంట భోజనము అని వ్రాసి, పంచాంగము చదివినట్లు అందరికిని వినిపించితిని. నా ధర్మపత్ని మాత్రము ‘పిల్లగాండ్లను తీసుకపోతున్నవా, పిల్లగాండ్ల మీద పోతున్నవా’ అని ఒక్క మాట అని ఊరకుండెను. ఆ మాటలోని అర్థము నాకు రాత్రికి గాని బోధపడలేదు.

రోహిణీ కార్తె. ఆదిలాబాదు ఎండలు 45 డిగ్రీలను తాకు దినములు. కుంటాలలో వందలాది మెట్లు దిగి చూతుము గదా, వానకాలములో అడవి యంతటను ఘోష నింపు ఆ కడెం నది నల్లని బండ నుండి సన్నని త్రాడు వలె జారుచుండెను. మనుమడు నా మొగము వంక చూచి ‘తాతా, జలపాతమంటే రాళ్లేనా?’ అని అడిగెను. ఎక్కి వచ్చునప్పటికి చిన్నది కోడలి భుజము మీద, పెద్దవాడు కొడుకు భుజము మీద ఉండిరి. నిర్మల్ దారిలోని ఘాటు మలుపులలో పెద్దవాడు తండ్రి సెల్‌ఫోనులో ఏదో ఆట ఆడుచు, మూడవ మలుపు వద్ద తిన్నదంతయు తల్లి చీర మీద కక్కుకొనెను. నిర్మల్‌లో బొమ్మల దుకాణమునకు నా కాగితమున మిగిలినది అయిదు నిమిషములు. ఏడ్చుచున్న పిల్లలను చేయిపట్టి లాగుకొనివచ్చి కారులో కూర్చుండబెట్టితిమి. బాసర చేరునప్పటికి చిన్నది గాఢనిద్రలో ఉండెను, లేపినచో ఏడ్చెను, కాలుచున్న బండల మీద పాదము మోపినచో ఇంకను ఏడ్చెను, బలపము పట్టుమన్నచో విసరివేసెను. ‘మామయ్యా, పిల్లలు సోలిపోయిన్రు, ఇగ ఇంటికి పోదాం’ అని కోడలు మెల్లగా అన్నది. అక్షరాభ్యాసము జరుగలేదు. కడెం ఊసే ఎవరును ఎత్తలేదు. మరునాడు పొద్దున చిన్నదానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, ‘నిన్న ఏమేమి చూసినవు బిడ్డా?’ అని అడుగగా, ఆ పిల్ల ముఖము వికసించి ‘బంకుల కుక్కపిల్లను చూసిన!’ అని చెప్పెను. చీర కడుగుకొనుటకై ఒక పెట్రోలు బంకు దగ్గర పావుగంట ఆగితిమి. అచ్చట నీళ్ల తొట్టి చాటున ఒక కుక్కపిల్ల ఉండెనట. ఆ దినమున మా ప్రయాణమునకు గల ఏకైక మజిలీ అదియే, నా కాగితములో లేనిది.

ఇల్లు చేరిన ఆ రాత్రి నేను గ్రహించిన సత్యము చాల చిన్నది. మోటారుకు దప్పి లేదు, ఆకలి లేదు, నిద్ర లేదు. తాను అలయదు కనుక తనలో కూర్చున్న వారి అలసటను అది ఎరుగదు. కచ్చరములో ఎద్దు మాకు వైద్యుడు, గురువు, కాలజ్ఞుడు. ఎప్పుడాగవలెనో అది నిర్ణయించెడిది. కారులో ఆ పనిని ఎవరో ఒకరు పూనుకొనవలెను. ఎద్దు లేని బండిలో పెద్దవారే ఎద్దులు కావలెనని చెప్పినచో కొంచెము మొరటుగా ఉండును గాని, యథార్థమదియే. అలయని మోటారుకు అలసటను మనమే నేర్పవలెను.

ఆ యేటి దసరాకు మరల బయలుదేరితిమి. వానలు వెనుకబట్టినవి, చేలలో పత్తి విచ్చుచున్నది, సీతాఫలములు గంపల కెక్కినవి. నవరాత్రులలో, విశేషించి మూలా నక్షత్రము నాడు, బాసరలో ఇసుక వేసిన రాలనంత జనము. కనుక బతుకమ్మ సాగనంపి, విజయదశమి నాడు జమ్మి పంచుకొని, మరునాడు ఉదయమున కదలితిమి. ఈసారి కాగితము లేదు. మూడు దినములకు మూడే పనులు, గంటన్నర మించకుండ ఒక మజిలీ అను నియమము మాత్రము ఉన్నది. బోథ్ వదలిన కొలది సేపటికే పొచ్చెర జలపాతము దగ్గర కారు ఆపుమనగా ‘ఇల్లు దాటి గంట గాలే బాపూ, అప్పుడే ఆపుడా?’ అని కొడుకు నవ్వెను. వెడల్పైన బండల మీద నీరు తెల్లని వస్త్రము పరచినట్లు పారి ఒక్కసారిగా లోయలోనికి ఉరుకుచుండెను. దూరముగా నీడన కూర్చుండి, సద్దుల బతుకమ్మ నాటి మలీద ముద్దలు తిని, నీళ్ల తుంపరలలో ఇంద్రధనుస్సు తునకను వెదకుచు ముప్పావుగంట గడపితిమి. ఎక్కడికో పోవలెనను తొందర లేని ముప్పావుగంట అది.

ఘాటు దగ్గరకు వచ్చునప్పటికి నేను కొంత జ్ఞానము సంపాదించి యుంటిని. మలుపుల దారిలో పిల్లలు కక్కుటకు కారణము వారి పొట్టలో లేదు, చెవిలో ఉన్నది. లోపలి చెవియందు శరీరపు కదలికను గుర్తించు ఒక ఏర్పాటు గలదు. పిల్లవాడు తల వంచి సెల్‌ఫోనో పుస్తకమో చూచుచున్నప్పుడు, కన్ను ‘కదలుట లేదు’ అనియు, చెవి ‘కదలుచున్నాము’ అనియు మెదడునకు విరుద్ధమైన వార్తలు పంపును. ఆ తగవు తీరక కడుపు త్రిప్పును. రెండేండ్ల నుండి పన్నెండేండ్ల వయస్సు వరకు ఈ బాధ హెచ్చు. కనుక బయలుదేరుటకు ముందు మితముగా తినిపించి, అద్దము కొంచెము దించి గాలి తగులనిచ్చి, దూరమున ఉన్న కొండను చూడుమనిన చాల వరకు తగ్గును. తగ్గనిచో మందు సంగతి వైద్యుని అడుగవలెను గాని దుకాణము వానిని అడుగరాదు. మేము మహబూబ్ ఘాటు పాతదారి పట్టి, మలుపులు లెక్కించు పోటీ పెట్టితిమి. పెద్దవాడు దూరపు కొండల వైపే చూచుచు, ఒక్కొక్క మలుపునకు ఒక్కొక్క వ్రేలు ముడుచుచు, వ్రేళ్లు చాలక చెల్లెలి వ్రేళ్లు అప్పు తీసికొనెను. కోతులు గుంపులుగా గోడల మీద కూర్చుండియున్నవి; వానికి తిండి వేయుట మంచిది కాదని చెప్పి, అద్దములు ఎత్తి, లోపలి నుండియే పలుకరించి సాగిపోతిమి. చీరలు పొడిగానే ఉన్నవి.

నిర్మల్ చేరి, ఆనాడు అయిదు నిమిషములు దక్కిన బొమ్మలకు ఈనాడు ఒక పూట ఇచ్చితిమి. నిర్మల్ కొయ్యబొమ్మలకు ఆధారము చుట్టుపక్కల అడవులలో దొరకు పొనికి చెక్క. అది మిక్కిలి తేలికయైనది, మెత్తనిది. ఉలికి ఎదురు తిరుగదు. నకాషీ పనివారు బొమ్మను ముక్కలుగా చెక్కి, చింతగింజల బంకతో అతికి, రంపపు పొట్టును ఆ బంకలోనే కలిపి సందులు పూడ్చి, నునుపు చేసి, రంగులు వేయుదురు. ఇదంతయు నేను చెప్పనారంభించగా పిల్లలు వినలేదు; పనివాడు ఒక చెక్క పేడును చిన్నదాని చేతిలో పెట్టగా, ఆ పిల్ల ఎగురవేసి పట్టుకొని ‘ఇది కట్టెనా? దూది లెక్కుంది’ అన్నది. నా ఉపన్యాసము కంటె ఆ చెక్క తునక ఎక్కువ చెప్పినది. రంగు వేయని పులి ఒకటి, తోక అతుకని నెమలి ఒకటి చూచిన పిమ్మట, దుకాణములో నిలిచిన నిండు బొమ్మలను వారు కొత్త కండ్లతో చూచిరి. ఆ రాత్రి మా వియ్యపురాలి ఇంట సర్వపిండి తిని, పిల్లలు తొమ్మిదింటికే నిదురించిరి.

రెండవ దినమంతయు బాసరది. గోదావరి ఒడ్డున వ్యాసమహర్షి ప్రతిష్ఠించెనని భక్తులు విశ్వసించు సరస్వతీ దేవి సన్నిధికి దేశపు నలుమూలల నుండి తల్లిదండ్రులు పిల్లలను కొనివత్తురు. ఎండ ముదరకముందే చేరితిమి. చిన్నది కారులో నిదురించి లేచి, నీరు త్రాగి, అటుకులు తిని, ఉల్లాసముగా ఉన్నది. కొత్త పలక, బలపము, పళ్లెములో బియ్యము. అర్చకులు చేయి పట్టి వ్రాయింపగా, అటు పిమ్మట చేయి విడువుమని అడిగి, తానే బియ్యములో ఒక గీత గీచెను. వేసవిలో విసరివేసిన బలపమును ఆనాడు అడిగినను ఇయ్యలేదు; రాత్రి సత్రములో దిండు క్రింద పెట్టుకొని పండుకొనెను. బిడ్డకు చదువు మీద అయిష్టమేమోనని వేసవిలో మేము పడిన బెంగ ఎంత వ్యర్థమైనదో అప్పుడు తెలిసినది. ఆ దినమున ఆ పిల్లకు కావలసినది విద్య కాదు, నిద్ర.

మూడవ దినమున తిరుగు దారిలో కుంటాల చూచితిమి. సుమారు 45 మీటర్ల ఎత్తు నుండి దుముకు ఆ జలపాతము దసరా నాటికి నిండు రూపముతో ఉండును. శకుంతల పేరు మీదుగా కుంటాల యైనదని స్థానికులు చెప్పుకొందురు. అచ్చటి బండల నడుమ సోమేశ్వరుడు వెలసెనని శివరాత్రికి జనము కూడుదురు. ఆ సౌందర్యము ఎంత గొప్పదో అపాయమును అంత గొప్పదే. నాచు పట్టిన బండల మీద కాలుజారి, లోతు తెలియని గుండములలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. పిల్లలతో పోయినవారు నీటిలో దిగరాదు, కంచె దాటరాదు, ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క పెద్దచేయి లెక్కగా ఉండవలెను. ఫోటో తీయువాడు ఆ లెక్కలోనికి రాడు. దూరము నుండియే చూచుచుండగా చిన్నది ‘తాతా, ఈ నీళ్లు బాసర పోతయా?’ అని అడిగెను. మా బోథ్ వైపు కొండలలో, బజార్‌హత్నూర్ దిక్కున పుట్టిన కడెం ఇదే యనియు, ఇది బాసర దాటి క్రిందికి వచ్చిన గోదావరిలో కలియుననియు చెప్పితిని. ఒక నిమిషము ఆలోచించి, ‘అయితే నిన్నటి నీళ్లు మన నీళ్ల కోసం ఎదురుచూస్తయి’ అన్నది. భూగోళ శాస్త్రమును అంతకంటె చక్కగా నేను ఏ తరగతిలోను వినలేదు.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు మనవి చేయుదును. నా వంటి తాతలందరును చేయు మొదటి తప్పు, మనుమరాలిని ఒడిలో పెట్టుకొని ముందు సీటులో కూర్చుండుట. ఒక్క క్షణపు కుదుపులో ఎంత బలమైన చేయియు బిడ్డను ఆపజాలదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, పదునాలుగేండ్లు నిండని పిల్లలకు సీటు బెల్టో, పిల్లలకని చేసిన ప్రత్యేకపు కట్టో లేకుండ బండి నడిపిన వారికి వెయ్యి రూపాయల జరిమానా గలదు. జరిమానా మాట అటుంచి, ప్రాణము వెలకు ఆ బెల్టు చాల చౌక. మోటారు సైకిలు మీద తొమ్మిది నెలల నుండి నాలుగేండ్ల వరకు గల బిడ్డను ఎక్కించుకొనినచో, బిడ్డను నడుపువానితో కలిపి కట్టు పట్టీ, తలకు హెల్మెటు, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగము ఉండవలెనను నియమము 2023 ఫిబ్రవరి 15 నుండి అమలులో ఉన్నది. నిలిపిన కారులో బిడ్డను ఒంటరిగా విడిచి ‘ఇప్పుడే వస్తా’ నని పోవుట ఘోరమైన పొరపాటు. అద్దములు మూసిన కారులో పది నిమిషములలోనే వేడిమి సుమారు పది డిగ్రీలు పెరుగును. నీరు పుష్కలముగాను, ఓఆర్ఎస్ పొట్లములు రెండును, మార్చు బట్టలు చేతికందు చోటను ఉంచుకొని, చీకటి పడకముందే బస చేరవలెను. కారు లేనివారు చింతింపనక్కరలేదు. మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకును బాలికలకును ప్రయాణము ఉచితము. పైగా బస్సుకు మజిలీలు పుట్టుకతోనే ఉన్నవి. బస్టాండులో దిగి, ఉడికిన పల్లికాయ తిని, తరువాతి బస్సు ఎక్కు కుటుంబము కచ్చరపు సంప్రదాయమును తెలియకుండగనే నిలుపుచున్నది.

ఇంటికి వచ్చిన మరునాటి మధ్యాహ్నము. చిన్నది అరుగు మీద బోర్లపడి, బాసర పలక మీద ఏదో వ్రాయుచుండెను. అక్షరములు దిద్దుచున్నదేమోనని సంతోషముతో వంగి చూచితిని. ఈ చివరి నుండి ఆ చివరి వరకు ఒక వంకర గీత. ఆ గీత మీద చిన్నవి పెద్దవి సున్నలు. ఇదేమని అడుగగా వ్రేలితో చూపుచు, ఇది నీళ్ల కాడ మలీద తిన్నది, ఇది బొమ్మల కాడ, ఇది అమ్మమ్మ ఇల్లు, ఇది బియ్యంల రాసిన గుడి, ఇది పెద్ద నీళ్ల కాడ, అని ఒక్కొక్క సున్నను వరుస తప్పక చదివినది. గీత చివర కొంచెము ఎడముగా ఒక చిన్న సున్న ఉన్నది. అది వేసవిలో చూచిన కుక్కపిల్లదట. అన్నియు ఉన్నవి గాని, అంత దూరము మోసికొనిపోయిన కారు ఎక్కడను కానరాలేదు.

‘మరి కారేది బిడ్డా?’ అని అడిగితిని.

ఆ పిల్ల నా అజ్ఞానమునకు జాలిపడినట్లు చూచి, ‘అన్ని కాడ దిగినం గద తాతా!’ అని చెప్పి, బలపము తడిచేసికొని మరియొక సున్న చుట్టుటకు పూనుకొనెను.